డేటాబేస్ కోర్సు మొదలయ్యే ముందు: సంత పుస్తకాన్ని టేబుళ్లుగా మార్చడం ఎలా

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం కాలేజీల్లో బీసీఏ, బీటెక్, బీఎస్సీ కంప్యూటర్స్ చదివే తెలుగు పిల్లలకి ఏదో ఒక సెమిస్టరులో డేటాబేస్ పేపరు తప్పదు. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, క్లాసులో ఇంగ్లీషు. సిలబస్ మాత్రం ఎక్కడైనా దాదాపు ఒకటే: ఈఆర్ డయాగ్రమ్, రిలేషనల్ మోడల్, ఎస్‌క్యూఎల్, నార్మలైజేషన్, ట్రాన్సాక్షన్లు, ఇండెక్సులు. ఎక్కువమంది ఎస్‌క్యూఎల్ కమాండ్లు బట్టీ పట్టడంతో మొదలుపెడతారు. దాంతోనే చిక్కు వస్తుంది. కమాండ్లు కొన్నాళ్లు కొడితే చేతికి అవే వస్తాయి. టేబుల్లో ఒక్కో వరస బయట దేనికి గుర్తు? రెండు వరసల్లో ఉన్నది ఒకే మనిషా, ఒకే ఊరా అన్నది ఎలా తేలుతుంది? ఈ రెండు ప్రశ్నలకి తడుముకోకుండా జవాబు చెప్పగలిగితే మిగతా పేపరంతా దారిలో పడుతుంది.

అందుకని ఇక్కడ ఒకే ఉదాహరణ పట్టుకుని చివరిదాకా వెళ్దాం: సంతలో జీడిపిక్కలు, చింతపండు కొనే వ్యాపారి పుస్తకం. ఈ జిల్లాల్లో పెరిగినవాళ్లకి ఆ పుస్తకం ఎలా ఉంటుందో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఒక మాట. కమాండ్లు ఇక్కడ పలికినట్టు తెలుగు అక్షరాల్లో రాశాం. మెషిను మీద మాత్రం వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. టేబుల్ పేర్లు, కాలమ్ పేర్లు కూడా ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా పెట్టుకోండి. లోపల నింపే పేర్లు, ఊళ్లు తెలుగులో ఉండొచ్చు, ఒడియాలోనూ ఉండొచ్చు.

మెషిను సంగతి

4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ చాలు. కాలేజీ ల్యాబులో ఒరాకిల్ ఉన్నా మైఎస్‌క్యూఎల్ ఉన్నా, ఇంటి దగ్గర నేర్చుకోవడానికి పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ పెట్టుకోండి. అది ఉచితం, పైగా తప్పు చేస్తే చూసీచూడనట్టు ఊరుకోదు. నేర్చుకునేవాళ్లకి ఆ గట్టిదనమే కావాలి. విండోస్ ఇన్‌స్టాలర్ కొన్ని వందల ఎంబీలు ఉంటుంది. కాలేజీ వైఫైలో ఒకరు దించుకుని పెన్‌డ్రైవ్‌లో పెడితే హాస్టలంతటికీ సరిపోతుంది.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పాస్‌వర్డ్ అడుగుతుంది. దాన్ని నోట్సు మొదటి పేజీలో రాసుకోండి, మరిచిపోతే మళ్లీ మొదటికి వస్తారు. పోర్టు 5432 అని చూపిస్తుంది, అలాగే వదిలేయండి. చివర్లో స్టాక్ బిల్డర్ తెరవమంటారా అని అడిగితే టిక్ తీసేయండి, దానికి నెట్ కావాలి, మీకు అది అక్కర్లేదు. అంతా అయ్యాక ‘షో సర్వర్_ఎన్‌కోడింగ్;’ అని అడిగితే యూటీఎఫ్8 అని రావాలి. వేరే ఏదైనా వస్తే తెలుగు పేర్లు ఎక్కించకముందే యూటీఎఫ్8 ఎన్‌కోడింగ్‌తో కొత్త డేటాబేస్ చేసుకోండి.

విండోస్ నల్ల తెరలో తెలుగు అక్షరాలు డబ్బాల్లాగా, ముక్కలుముక్కలుగా కనిపిస్తాయి. డేటా పాడైందని కంగారు పడకండి. ఆ తెరకి తెలుగు చూపించడం సరిగ్గా రాదు, అంతే. తెలుగు డేటా చూడాలంటే దానితోపాటే వచ్చే పీజీఅడ్మిన్ తెరవండి.

ల్యాప్‌టాప్ లేనివాళ్లు ఆండ్రాయిడ్ ఫోనులో టెర్మక్స్ యాప్ వేసుకుని ఎస్‌క్యూలైట్‌తో మొదలుపెట్టొచ్చు. రెండు సంగతులు గుర్తుంచుకోండి. ఎస్‌క్యూలైట్‌లో ఫారిన్ కీ (ఒక టేబుల్లో రాసిన ఐడీ అసలు టేబుల్లో ఉండి తీరాలన్న నియమం) తనిఖీ మామూలుగా ఆపేసి ఉంటుంది, తెరిచిన ప్రతిసారీ ‘ప్రాగ్మా ఫారిన్_కీస్ = ఆన్;’ అని కొట్టాలి. 20 అక్షరాల కాలమ్ అని రాసినా అది 200 అక్షరాలు కూడా తీసేసుకుంటుంది.

మొదటి వారంలో అందరికీ వచ్చే తప్పులు మూడే మూడు. ఒకటి, చివర సెమికోలన్ మరిచిపోవడం. ప్రాంప్ట్ (మీరు కొట్టే చోటుకి ముందు కనిపించే గుర్తు) దగ్గర సమానం గుర్తు పోయి అడ్డగీత వచ్చిందంటే మెషిను ఇంకా మీ వాక్యం పూర్తవుతుందని చూస్తోందన్నమాట. అక్కడ సింగిల్ కోట్ కనిపిస్తే ఎక్కడో కోట్ మూయలేదు. ముందు కోట్ మూసి, సెమికోలన్ కొట్టండి, ఎర్రర్ వచ్చినా నష్టం లేదు. రెండు, వాట్సాప్ నుంచో వర్డ్ నుంచో కమాండ్ కాపీ చేస్తే కోట్లు వంకరగా వస్తాయి, అవి పనికిరావు, నిలువు కోట్లు కావాలి. మూడు, విలువలకి సింగిల్ కోట్ బదులు డబుల్ కోట్ వాడడం. డబుల్ కోట్‌లో ఉన్నదాన్ని పోస్ట్‌గ్రెస్ కాలమ్ పేరనుకుంటుంది. ‘గుణుపురం అనే కాలమ్ లేదు’ అన్న అర్థం వచ్చే ఎర్రర్ వస్తే కారణం ఇదే.

కాగితం మీద మొదలుపెట్టండి

మెషిను మూసేసి ఒక తెల్లకాగితం తీయండి. వ్యాపారి పుస్తకంలో ఉండే గళ్లు గీయండి: తేదీ, పేరు, ఊరు, సరుకు, కిలోలు, ధర, ఇచ్చిన డబ్బు, బాకీ. ఇరవై వరసలు చేత్తో నింపండి. నిజమైన మనుషుల పేర్లు వద్దు, ఊళ్లు మాత్రం నిజమైనవే రాయండి. ఈ పని దాటవేస్తే తర్వాత చెప్పేదేదీ పట్టుకోలేరు.

ఇప్పుడు మొదటి ప్రశ్న: ఒక్క వరస దేనికి గుర్తు? ఒక రైతు ఒక రోజు వచ్చి వెళ్లడానికా, ఒక్క తూకానికా? ఒకే మనిషి జీడిపిక్కలూ చింతపండూ రెండూ తెస్తే ఒక వరసా, రెండు వరసలా? పుస్తకంలో వ్యాపారి ఎలాగైనా రాసుకుంటాడు, చదివేది తనే కాబట్టి. టేబుల్లో మాత్రం ముందే తేల్చాలి. మనం ఇలా తేలుద్దాం: ఒక్క తూకం ఒక్క వరస. టేబుల్ పేరు తూకం.

డబ్బు సంగతి దానికి భిన్నం. రైతు పంట రాకముందే అడ్వాన్సు తీసుకుంటాడు. సరుకు తెచ్చిన రోజు కొంత తీసుకుని మిగతాది వచ్చే సంతకి వదిలేస్తాడు. ఒక చెల్లింపు ఏ తూకానిదో చెప్పలేం. కాబట్టి చెల్లింపు వేరే టేబుల్, దానికి సంబంధం రైతుతో, తూకంతో కాదు. ఈఆర్ డయాగ్రమ్‌లో డబ్బాల మధ్య గీత ఎక్కడ గీయాలన్న ప్రశ్న అంటే ఇదే. 1976లో పీటర్ చెన్ ప్రతిపాదించిన ఆ బొమ్మలు వ్యవహారం ఎలా నడుస్తుందో అడిగి తెలుసుకున్నాక గీయాల్సినవి, అందంగా గీస్తే సరిపోయేవి కావు.

తర్వాత ఒక్కో గడినీ అడగండి: ఇది దేని మీద ఆధారపడి ఉంది? ఊరు మనిషిని బట్టి ఉంటుంది, తూకాన్ని బట్టి కాదు. జిల్లా ఊరిని బట్టి ఉంటుంది. ధర? సరుకుని బట్టి అనిపిస్తుంది, కానీ సంత సంతకీ మారుతుంది, పిక్క నాణ్యతని బట్టి ఒకే రోజు ఇద్దరికి రెండు ధరలు ఉంటాయి. అందుకే ధర తూకం వరసలోనే ఉండాలి. సరుకు టేబుల్లో పెడితే ఈ వారం ధర మార్చిన క్షణంలో పోయిన ఏడాది లెక్కలన్నీ మారిపోతాయి. బాకీ ఎక్కడా రాయకూడదు, తూకాలూ చెల్లింపులూ ఉంటే ఎప్పుడు కావాలంటే అప్పుడు లెక్క కట్టుకోవచ్చు. రాసి పెట్టుకుంటే రెండు చోట్ల రెండు అంకెలు ఉండే రోజు తప్పకుండా వస్తుంది.

ఇదంతా చేశాక మీ చేతిలో అయిదు టేబుళ్లు ఉంటాయి: ఊరు, రైతు, సరుకు, తూకం, చెల్లింపు. పుస్తకాల్లో ఫంక్షనల్ డిపెండెన్సీ అని రాసేది మీరిప్పుడు అడిగిన ప్రశ్నే. తూకం ఐడీ తెలిస్తే రైతు తెలుస్తాడు, రైతు తెలిస్తే ఊరు, ఊరు తెలిస్తే జిల్లా. ఈ గొలుసంతా ఒకే టేబుల్లో ఉంటే మూడో నార్మల్ ఫామ్ తప్పినట్టు. గొలుసు తెంపి మూడు టేబుళ్లు చేస్తే కుదిరినట్టు. రెండో నార్మల్ ఫామ్ చిక్కు ఒకటి కంటే ఎక్కువ కాలమ్‌లు కలిసి కీ (ఒక్కో వరసని విడిగా గుర్తుపట్టడానికి వాడేది) అయినచోటే వస్తుంది. అది గుర్తుంటే పరీక్షలో సగం ప్రశ్నలకి చూడగానే జవాబు దొరుకుతుంది.

ఇక్కడ చాలామంది బోల్తాపడే సంగతి ఒకటుంది. రైతు, తేదీ, సరుకు ఈ మూడూ కలిపి తూకానికి కీ పెట్టొచ్చా? మీరు రాసిన ఇరవై వరసల్లో ఆ మూడూ ఎక్కడా రెండుసార్లు రాకపోవచ్చు. అయినా పెట్టకూడదు. పొద్దున ఒక బస్తా తూచి, మధ్యాహ్నం ఇంకో బస్తా తెచ్చే రైతు ఉంటాడు. డిపెండెన్సీ అనేది వ్యవహారం గురించి చెప్పే మాట, కళ్లముందున్న ఇరవై వరసల గురించి కాదు. డేటా చూసి ‘ఇది కీ కాదు’ అని తేల్చొచ్చు గానీ ‘ఇది కీ’ అని ఎప్పటికీ తేల్చలేం.

ఊరి పేరు కీ కాదు

మన జిల్లాల్లో డేటాబేస్ చేసేవాళ్లకి అసలు పరీక్ష ఊళ్ల పేర్లతోనే. గజపతి జిల్లాలో ఆర్. ఉదయగిరి ఉంది. కంధమాల్ జిల్లాలో జి. ఉదయగిరి ఉంది. నెల్లూరు వైపు ఇంకో ఉదయగిరి. ముందున్న అక్షరాలు రామగిరి, ఘుముసర్‌లవి. ఒక పేరుతో రెండు ఊళ్లుంటే చిక్కని గ్రహించి జనమే ఆ గుర్తులు తగిలించుకున్నారు. టేబుల్లో మీరూ అలాంటి గుర్తే పెట్టాలి.

సరే, ఊరి పేరు, జిల్లా పేరు కలిపి కీ చేద్దామంటారా? 1992 అక్టోబరు 2న గంజాం నుంచి గజపతి, కోరాపుట్ నుంచి రాయగడ విడిపోయాయి. 1990లో రాసిన కాగితంలో పర్లాకిమిడి గంజాం జిల్లా. సరిహద్దు అవతల శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోంచి 2022లో పార్వతీపురం మన్యం జిల్లా వచ్చింది. జిల్లా పేరు కీలో ఉంటే, అలాంటి రోజున దాన్ని చూపిస్తున్న ప్రతి టేబుల్లో ప్రతి వరసా మార్చాలి. పిన్ కోడ్ కూడా పనికిరాదు, ఒకే పిన్ కింద చాలా ఊళ్లు ఉంటాయి. అర్థం ఏమీ లేని ఒక అంకె, ఊరు_ఐడీ, అదే సరైన ప్రైమరీ కీ. పేరూ జిల్లా మామూలు కాలమ్‌లుగా ఉండి ఎప్పుడు కావాలంటే అప్పుడు మారొచ్చు.

రెండో చిక్కు దీనికి తిరగేసినది: ఒకే ఊరికి చాలా రాతలు. పర్లాకిమిడి, పర్లాఖెముండి, పారలాఖెముండి. బరంపురం, బెర్హంపూర్, బ్రహ్మపూర్. వీటిని నేరుగా రైతు టేబుల్లో రాయనిస్తే ‘పర్లాకిమిడి రైతులు ఎంతమంది’ అన్న ప్రశ్నకి ఎప్పుడూ తక్కువ జవాబే వస్తుంది, ఎర్రర్ మాత్రం రాదు. దీనికి ఆరో టేబుల్ పెట్టండి: ఊరి_రాత. అందులో రెండే కాలమ్‌లు, రాత, ఊరు_ఐడీ. మూడు రాతలకీ ఒకే ఐడీ. ఎవరు ఏ రాతతో వెతికినా ముందు ఈ టేబుల్లో చూసి ఐడీ పట్టుకుంటారు. ఉదయగిరి అన్న రాతకి రెండు మూడు ఐడీలు వస్తాయి కాబట్టి ఈ టేబుల్లో కీ ఆ రెండు కాలమ్‌లూ కలిపి. అప్పుడు మెషిను ఊహించకుండా ఏ ఉదయగిరి అని మనిషిని అడగాలి.

మనుషుల పేర్లకీ ఇంతే జాగ్రత్త కావాలి. తెలుగువాళ్లకి ఇంటిపేరు ముందు, తరచుగా ఒక్క అక్షరంగా. ఒడియావాళ్లకి చివర. ‘ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్’ అని రెండు గళ్లు ఇస్తే ఒక్కొక్కరూ ఒక్కోలా నింపుతారు. పూర్తి పేరు ఒకే కాలమ్‌లో, సర్టిఫికెట్లో ఉన్నట్టే తీసుకోండి. ఇంటిపేరుతో నిజంగా పని ఉంటే దానికి వేరే కాలమ్, ఖాళీగా వదలడానికి వీలుండాలి. ఫోన్ నంబరు కీ చేయొద్దు, ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోను ఉంటుంది, ఆ నంబరు కూడా మారిపోతుంది. ఆధార్ నంబరు అడగనే వద్దు. ప్రాక్టీసు ప్రాజెక్టుకి దాని అవసరం లేదు, అవసరం లేని సమాచారం పోగేయకపోవడం ఈ వృత్తిలో మొదటి మర్యాద.

తెలుగు అక్షరం ఎంత చోటు తీసుకుంటుంది

ఇది క్లాసులో మామూలుగా రాదు, కానీ తెలుగు, ఒడియా పేర్లు ఎక్కించిన రోజే ఎదురవుతుంది. ‘పర్లాకిమిడి’ మన కంటికి అయిదు అక్షరాలు: ప, ర్లా, కి, మి, డి. యూనికోడ్ లెక్కలో పదకొండు: ప, ర, పొల్లు, ల, దీర్ఘం, క, గుడి, మ, గుడి, డ, గుడి. యూటీఎఫ్8లో తెలుగైనా ఒడియా అయినా ఒక్కో గుర్తుకి 3 బైట్లు, అంటే మొత్తం 33 బైట్లు. పోస్ట్‌గ్రెస్‌లో వార్‌చార్(10) అని రాస్తే అది గుర్తులు లెక్కపెట్టి ఈ పేరుని తిప్పికొడుతుంది. ల్యాబులో ఒరాకిల్ ఉంటే వార్‌చార్2(20) అంటే మామూలుగా 20 బైట్లని అర్థం. 24 బైట్ల ‘గుణుపురం’ కూడా అందులో పట్టదు. అక్కడ (20 చార్) అని విడిగా రాయాలి. పోస్ట్‌గ్రెస్‌లో అయితే పేర్లకి టెక్స్ట్ అని పెట్టి ఈ లెక్కే మానేయొచ్చు.

ఇంకో మాయ ఉంది. తెర మీద ఒకేలా కనిపించే రెండు పేర్లు సమానం కావని మెషిను అంటుంది. ‘రమేష్’ చివర కొన్ని కీబోర్డులు కంటికి కనిపించని గుర్తు ఒకటి చేరుస్తాయి. లెంగ్త్ అడిగితే ఒకదానికి 5, రెండోదానికి 6 వస్తుంది. చివర్లో పొరపాటున పడ్డ ఖాళీ కూడా ఇంతే. ఒడియాలో కింద చుక్క ఉన్న డకారాన్ని ఒకే గుర్తుగానూ రాయొచ్చు, అక్షరం, చుక్క అని రెండు గుర్తులుగానూ రాయొచ్చు. పేర్లు లోపలికి తీసుకునే చోటే ట్రిమ్, నార్మలైజ్ ఫంక్షన్లతో శుభ్రం చేయండి, నార్మలైజ్ పోస్ట్‌గ్రెస్ 13 నుంచి ఉంది. కనిపించని గుర్తుని మాత్రం రీప్లేస్‌తో విడిగా తీసేయాలి, మాట చివర ఉన్నప్పుడే. మధ్యలో ఉంటే దానికి పని ఉంటుంది.

ఎక్సెల్ నుంచి ఎక్కించేటప్పుడు ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ అని ఉన్నదే ఎంచుకోండి. ఉత్త సీఎస్‌వీ ఎంచుకుంటే తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి, మళ్లీ తిరిగి రావు. అసలు ఎక్సెల్ ఫైలు చెరపకుండా దాచుకోండి. యూటీఎఫ్-8 ఫైలు మొదట్లో ఎక్సెల్ మూడు బైట్ల గుర్తు ఒకటి పెడుతుంది. మొదటి వరస శీర్షికలైతే, కాపీ కమాండ్‌లో హెడర్ అని చెబితే అది ఆ వరసతోపాటే పోతుంది. శీర్షికల వరస లేకపోతే ‘1’ అని కనిపిస్తున్న విలువే అంకె కాదని ఎర్రర్ వస్తుంది.

తేదీలు 2025-02-05 పద్ధతిలోనే రాయండి. మనం 05-02-2025 అంటే ఫిబ్రవరి అయిదు. మెషిను నెల ముందు చదివే అమరికలో ఉంటే దాన్ని మే 2 అనుకుని నోరెత్తకుండా తీసుకుంటుంది. 13-02-2025 దగ్గరే ఎర్రర్ ఇస్తుంది. అంటే రోజూ నెలా ఒకే అంకె అయిన తేదీలు తప్ప, ప్రతి నెలా మొదటి పన్నెండు రోజుల తేదీలు తప్పుగా కూర్చుని ఉంటాయి. డబ్బుకి న్యూమరిక్(10,2), కిలోలకి న్యూమరిక్(8,3). ఫ్లోట్ వద్దు, పైసలు తేడా వస్తాయి. 42.350 కిలోలు, కిలో 118 రూపాయలైతే 4997.30 రావాలి, అంతే రావాలి. బస్తాల్లో కొలత రాయొద్దు, బస్తా బరువు సరుకుని బట్టి మారుతుంది. కిలోలు రాసి, బస్తాల లెక్క కావాలంటే పక్కన ఇంకో కాలమ్ పెట్టండి. సున్నాతో మొదలయ్యే ఎస్‌టీడీ కోడ్, రోల్ నంబరు లాంటివి టెక్స్ట్‌గా ఉంచండి, అంకెగా పెడితే ముందున్న సున్నా ఎగిరిపోతుంది.

ఎర్రర్ రాని తప్పు

జాయిన్ (రెండు టేబుళ్ల వరసలని ఐడీని బట్టి జతకట్టడం) నేర్చుకున్నాక మొదట చేయాలనిపించే పని, ఒక్కో రైతుకి ఎంత బాకీ ఉందో తీయడం. రైతు, తూకం, చెల్లింపు మూడూ జాయిన్ చేసి, గ్రూప్ బై పెట్టి, ఒక సమ్‌లోంచి ఇంకో సమ్ తీసేస్తారు. వరసలు వస్తాయి, అంకెలు వస్తాయి, ఎర్రర్ ఉండదు. అంకెలు తప్పు.

ఒక రైతుని తీసుకోండి. తూకాలు మూడు: 1000, 2000, 1500 రూపాయలు, మొత్తం 4500. చెల్లింపులు రెండు: 1000, 500, మొత్తం 1500. రావాల్సిన బాకీ 3000. మూడు టేబుళ్లు ఒకేసారి జాయిన్ చేస్తే ప్రతి తూకం ప్రతి చెల్లింపుతోనూ జతకట్టి ఆరు వరసలవుతాయి. తూకాల మొత్తం రెట్టింపై 9000, చెల్లింపుల మొత్తం మూడింతలై 4500. బాకీ 4500 అని చూపిస్తుంది. నమ్మేలా ఉన్న అంకె కాబట్టి ఎవరూ అనుమానించరు.

సరైన దారి: ముందు తూకాలని రైతు వారీగా కూడండి.

సెలెక్ట్ రైతు_ఐడీ, సమ్(కిలోలు * ధర) ఫ్రమ్ తూకం గ్రూప్ బై రైతు_ఐడీ;

చెల్లింపులనీ ఇలాగే విడిగా కూడండి. ఇప్పుడు రెండింట్లోనూ ఒక రైతుకి ఒక్కటే వరస. వాటిని రైతు టేబుల్‌కి లెఫ్ట్ జాయిన్‌తో కలపండి. ఉత్త జాయిన్ వాడితే, అడ్వాన్సు తీసుకుని ఇంకా సరుకు తేని రైతు జాబితాలోంచే మాయమవుతాడు, వ్యాపారికి అందరికంటే ముందు కనిపించాల్సిన మనిషి అతనే. లెఫ్ట్ జాయిన్‌లో అతని తూకం మొత్తం నల్ వస్తుంది, నల్‌లోంచి 500 తీసేస్తే మళ్లీ నల్లే. అందుకే నల్ వచ్చినచోట 0 తీసుకోమని కోయలెస్(మొత్తం, 0) అని రాయాలి.

ప్రతి క్వెరీ రాశాక ఒక రైతుని చేత్తో లెక్కకట్టి పోల్చండి. ఒక్కడు చాలు, కానీ అతనికి కనీసం రెండు తూకాలు, రెండు చెల్లింపులు ఉండాలి. ఒక్కొక్కటే ఉన్నవాడిని ఎంచుకుంటే ఈ తప్పు బయటపడదు.

నల్ గురించి ఇంకొంచెం. నల్ అంటే సున్నా కాదు, ఖాళీ మాట కాదు, తెలియదు అని. తెలియనిదాన్ని దేనితో పోల్చినా జవాబు తెలియదనే వస్తుంది, వేర్ ఆ వరసని వదిలేస్తుంది. ఇంతవరకూ సరుకు తేని రైతుల కోసం ‘నాట్ ఇన్ (సెలెక్ట్ రైతు_ఐడీ ఫ్రమ్ తూకం)’ అని రాశారనుకోండి. తూకం టేబుల్లో ఒక్క వరసలో రైతు_ఐడీ నల్ ఉన్నా జవాబుగా ఒక్క రైతు కూడా రాడు. నాట్ ఎగ్జిస్ట్స్ వాడండి. అసలు ఆ కాలమ్‌కి మొదట్లోనే నాట్ నల్ పెట్టండి, రైతు లేని తూకం అంటూ ఉండదు కదా.

కరెంటు పోతే ఏమవుతుంది

పాత కోమటి కొట్లలో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలు ఉండేవి. జరిగింది జరిగినట్టు ముందు చిట్టాలో ఎక్కించి, తీరిక చిక్కాక మనిషి వారీగా ఆవర్జాలోకి ఎత్తి రాసేవారు. పోస్ట్‌గ్రెస్ లోపల జరిగేది ఇదే. కమిట్ (మార్పు ఖాయం చేయమనే కమాండ్) అనగానే మార్పు ముందు లాగ్ ఫైల్లో గట్టిగా డిస్కు మీద పడుతుంది, ఆ తర్వాతే మీకు సరే అంటుంది. టేబుల్ ఫైల్లోకి తర్వాత ఎప్పుడో ఎక్కుతుంది. మధ్యలో కరెంటు పోతే, మళ్లీ లేచినప్పుడు లాగ్ చదువుకుని మిగిలినది పూర్తిచేస్తుంది. కమిట్ కానిది మాత్రం జరగనట్టే.

దీన్ని చదివి ఊరుకోకండి, చేసి చూడండి. పీఎస్‌క్యూఎల్ (పోస్ట్‌గ్రెస్‌కి కమాండ్లు కొట్టే నల్ల తెర) కిటికీలు రెండు తెరవండి. మొదటిదాంట్లో బిగిన్ కొట్టి (ట్రాన్సాక్షన్, అంటే కమిట్ దాకా ఒకే పనిగా లెక్కించే కమాండ్ల కట్ట, దాంతో మొదలవుతుంది), ఒక తూకం ధర మార్చండి. రెండోదాంట్లో అదే వరస చూడండి, పాత ధరే ఉంటుంది. రెండోదాంట్లో కూడా అదే వరస మార్చబోండి, కదలకుండా ఆగిపోతుంది. అది హ్యాంగ్ కాదు, తాళం కోసం వేచి ఉండడం. మొదటిదాంట్లో కమిట్ కొట్టగానే రెండోది కదులుతుంది.

ఇప్పుడు రెండింట్లోనూ కొత్తగా బిగిన్ కొట్టండి. మొదటి కిటికీ ఒకటో వరస మార్చి, రెండో కిటికీ రెండో వరస మార్చాక, ఒకరి వరస ఒకరు అడగండి. ఇద్దరూ ఆగిపోతారు. సుమారు ఒక సెకను గడిచాక పోస్ట్‌గ్రెస్ డెడ్‌లాక్ అని గుర్తించి ఒకరిని వెనక్కి పంపేస్తుంది. ఆ కిటికీలో తర్వాత ఏ కమాండ్ కొట్టినా ట్రాన్సాక్షన్ ఆగిపోయిందనే అంటుంది. అప్పటిదాకా చేసిన మార్పులు రద్దు చేయడానికి రోల్‌బ్యాక్ కొట్టాలి. అందరూ ఎప్పుడూ ఐడీ వరసలోనే తాళాలు తీసుకుంటే ఈ గొడవ రాదు.

ఏదైనా మార్చేటప్పుడు, చెరిపేటప్పుడు ఈ క్రమం అలవాటు చేసుకోండి: ముందు అదే వేర్‌తో సెలెక్ట్ కొట్టి ఎన్ని వరసలో చూడండి. బిగిన్. అప్‌డేట్. అది చెప్పిన అంకె మీరు చూసిన అంకెతో కలిసిందా? కలిస్తే కమిట్, లేకపోతే రోల్‌బ్యాక్. వేర్ మరిచిపోయి మొత్తం టేబుల్ మార్చినా అప్పుడు బయటపడతారు. పీఎస్‌క్యూఎల్‌లో బిగిన్ లేకుండా కొట్టిన ప్రతి కమాండూ అక్కడికక్కడే కమిట్ అయిపోతుంది. ఒరాకిల్ ఎస్‌క్యూఎల్‌ప్లస్‌లో దీనికి తిరగేసి ఉంటుంది: కమిట్ కొట్టకుండా ఉండగా కరెంటు పోతే మీరు ఎక్కించిన డేటా పోతుంది.

ఇండెక్స్

ఇరవై వరసల టేబుల్‌కి ఇండెక్స్ (పుస్తకం చివర ఉండే సూచిక లాంటిది) పెట్టి, క్వెరీ ఎలా నడుస్తుందో చూపించే ఎక్స్‌ప్లెయిన్ కొట్టి, అది వాడుకోలేదని బెంగపడేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. ఇరవై వరసలు 8 కేబీల ఒక్క పేజీలో పడతాయి, మొత్తం చదవడమే చౌక. తేడా చూడాలంటే జనరేట్_సిరీస్(1, 1000000) వాడి పది లక్షల ఉత్తుత్తి తూకాలు నింపండి, రైతు_ఐడీకి 1 నుంచి 5000 వరకూ యాదృచ్ఛిక అంకెలు ఇవ్వండి. రైతు టేబుల్లో అన్ని ఐడీలూ లేకపోతే ఫారిన్ కీ ఒప్పుకోదు, కాబట్టి ముందు 5000 మంది రైతులని నింపాలి. తర్వాత అనలైజ్ కొట్టి, ఒక రైతు తూకాలకి ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ చూడండి. ఇండెక్స్ పెట్టి మళ్లీ చూడండి. రెండు సమయాలూ నోట్సులో రాసుకోండి.

ఫారిన్ కీ పెట్టినంత మాత్రాన పోస్ట్‌గ్రెస్ ఆ కాలమ్‌కి ఇండెక్స్ పెట్టదు, మీరే పెట్టాలి. మైఎస్‌క్యూఎల్ ఇన్నోడీబీ అయితే తానే పెడుతుంది. కాలమ్ మీద ఫంక్షన్ వేసి వెతికితే మామూలు ఇండెక్స్ పనికిరాదు.

ఎడ్గర్ కాడ్ 1970లో రిలేషనల్ మోడల్ గురించి రాసినప్పుడు కోరింది ఇదే: డేటా లోపల ఎలా పేర్చి ఉందో అడిగేవాడికి తెలియక్కర్లేకుండా ఉండాలి. ఇండెక్స్ పెట్టినా తీసేసినా మీ క్వెరీలో ఒక్క అక్షరం మారలేదు, జవాబూ మారలేదు, సమయమే మారింది. వైవాలో ‘డేటా ఇండిపెండెన్స్ అంటే ఏమిటి’ అని అడిగితే ఈ రెండు సమయాలూ చెప్పండి.

ఇంటి దగ్గర చేసింది కాలేజీకి పట్టుకెళ్లడానికి పీజీ_డంప్ వాడండి. విండోస్ పవర్‌షెల్‌లో బాణం గుర్తుతో ఫైల్లోకి పంపితే అది యూటీఎఫ్-16లో రాస్తుంది, రెండో మెషిను మీద ఎక్కించేటప్పుడు మొదటి లైనులోనే ఎర్రర్ వస్తుంది. బాణం బదులు అడ్డగీత ఎఫ్ ఆప్షన్‌తో ఫైలు పేరు ఇవ్వండి. ల్యాబ్ పరీక్షకి ముందు రోజే స్నేహితుడి ల్యాప్‌టాప్‌లో ఖాళీ డేటాబేస్ చేసి, అందులోకి ఎక్కించి, ఆ రైతు బాకీ 3000 అని వస్తోందో లేదో చూసుకోండి.